కౌటిల్యుని ఉపజాపము – ప్రథమ ప్రపంచయుద్ధ ప్రచారము : ఒక పరిశీలన

యుద్ధమునకు కోశము, దండము ఎంత ఆవశ్యకములో జనుల మనస్సును అంత ఆవశ్యకమని అర్థశాస్త్రకర్త ఎరిగినాడు. దుర్గలంభోపాయమను త్రయోదశాధికరణమున మొదటి అధ్యాయమైన 'ఉపజాపము' ఇందుకు ప్రమాణము. శత్రుగ్రామమును గైకొనదలచిన విజిగీషువు తన సర్వజ్ఞత్వమును, తనకు దేవతలతో గల సంబంధమును చాటవలెననియు, దానివలన స్వపక్షము ఉత్సాహమును, పరపక్షము భయమును పొందుననియు అచట చెప్పబడినది.

ఈ సర్వజ్ఞత్వము యోగశక్తి కాదు. చారులవలన ముఖ్యుల గృహరహస్యములను తెలిసికొని ప్రకటించుట, ముద్రతో కూడిన పెంపుడు పావురము తెచ్చిన విదేశవార్తను నిమిత్తజ్ఞానముచే తెలిసినట్లు ఆనాడే చెప్పుట – ఇదియే సర్వజ్ఞత్వము. దేవతాసంబంధమును ఇట్టిదే. సొరంగమున అగ్నిచైత్యములలో ప్రవేశించి దేవతలవలె నిలిచిన చారులతో రాజు సంభాషించును. ఈ వింతలను స్వదేశమున వ్యాపింపజేయువారి పట్టికలో నైమిత్తికులు, మౌహూర్తికులు, పౌరాణికులు ఉన్నారు. పౌరాణికుని పేరు ఇచట చూచుట ప్రాచ్యవిద్యాభ్యాసకులకు కొంత కష్టము కలిగింపవచ్చును. కాని జనులు విశ్వసించిన వార్తావాహకుడు ఆనాడు అతడే.

1914 సెప్టెంబరులో బ్రిటిషు ప్రభుత్వము లండనులోని వెల్లింగ్టన్ హౌస్‌లో ఛార్లెస్ మాస్టర్‌మన్ ఆధ్వర్యమున నెలకొల్పిన ప్రచారకార్యాలయము కూడ మొదట రచయితలనే ఆశ్రయించినది. సెప్టెంబరు 2వ తేదీన జరిగిన సమావేశమునకు థామస్ హార్డీ, వెల్స్, కోనన్ డాయల్ ప్రభృతులు వచ్చినారు. గ్రంథములు ప్రసిద్ధ ప్రచురణకర్తల పేరిట వెలువడినవి. వాని వెనుక ప్రభుత్వమున్నదని పాఠకులెరుగరు. ముఖ్యలక్ష్యము తటస్థదేశములు, విశేషించి అమెరికా. చెప్పించువాడు కనబడరాదను నియమము ఉభయత్ర సమానము.

భేదము చెప్పెడి విషయమున కలదు. దశమాధికరణమున రాజు సైన్యమును ఉద్దేశించి పలుకవలసిన మాటలను కౌటిల్యుడు సూచించినాడు. తానును వారివలె వేతనము గొనువాడే యనియు, రాజ్యము వారితో కలిసి అనుభవింపవలసినదనియు, తాను చూపిన శత్రువును కొట్టవలెననియు రాజు చెప్పును. శత్రువు ఏ అపరాధము చేసినాడో ఒక్క మాటయు లేదు. వీరునికి స్వర్గము, పిరికివానికి నరకము, శత్రురాజును చంపినవానికి లక్ష పణములు – ఇంతే. శత్రురాజు దుర్నయమును చాటుట ఆ రాజు ప్రజలను విడదీయుటకే గాని స్వప్రజలకొరకు కాదు. వేతనము గొను సైనికునికి కారణము చెప్పనక్కరలేదు. 1916 జనవరి వరకు బ్రిటనులో నిర్బంధ సైనికసేవా శాసనము లేదు. లక్షలకొలది గృహస్థులు స్వేచ్ఛగా రావలెనన్నచో శత్రువు దుష్టుడని వారికి తోచవలెను. అందువలన ఆధునిక ప్రచారమునకు పరదూషణము ప్రధానాంగమైనది.

1915 మే 12న వెలువడిన బ్రైస్ నివేదిక ఇందుకు నిదర్శనము. శామశాస్త్రి అర్థశాస్త్రాంగ్లానువాదము గ్రంథరూపమున వచ్చినదియు ఆ సంవత్సరమే. బెల్జియమున జర్మను సైన్యము చేసిన అత్యాచారములను గూర్చి సుమారు 1,200 వాఙ్మూలములను ఆ సంఘము పరిశీలించినది. సాక్షులచే ప్రమాణము చేయింపలేదు. వారి పేర్లు ప్రకటింపలేదు. లూసిటేనియా నౌక మునిగి ఐదుదినములే యైనందున నివేదిక అమెరికాలో గాఢముగ నాటినది. అయినను ఇది కేవల కల్పనమనుట పొరపాటు. లూవేన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమును దగ్ధము చేసినది, వేలమంది పౌరులను చంపినది వాస్తవము. ఆ సత్యమే అసత్యమునకు వాహనమైనది.

శబ్దశాస్త్రజ్ఞులకు ఆసక్తికరమైన ఉదంతము 1917 ఏప్రిలునాటిది. జర్మనులు తమ సైనికుల శవములను మరిగించి క్రొవ్వు తీయుచున్నారని టైమ్స్, డెయిలీ మెయిల్ పత్రికలు ప్రకటించినవి. రెండింటికిని స్వామి నార్త్‌క్లిఫ్ ప్రభువు; మరుసటి సంవత్సరము శత్రుదేశములలో ప్రచారమునకు ప్రభుత్వము నియమించిన అధికారియు అతడే. కథకు ఆధారములలో ఒకటి జర్మను పత్రికలోని 'కడావర్' అను పదము. ఆ భాషలో అది సామాన్యముగ పశుకళేబరవాచకము. మనుష్యశవమునకు వేరు పదము కలదు. ఆంగ్లమున అదే రూపము వైద్యవిద్యార్థులు పరీక్షించు మనుష్యశవమున రూఢమైనది. రూపసామ్యమునుబట్టి అర్థసామ్యమును గ్రహించుట ఇచట అజ్ఞానమా, బుద్ధిపూర్వకమా అను చర్చ కలదు. పశుకళేబరములనియే అర్థమని జర్మనులు అప్పుడే ఖండించినను ఆ మాట చెవికెక్కలేదు.

1925 డిసెంబరులో విదేశాంగమంత్రి ఆస్టెన్ ఛాంబర్లేన్ కామన్స్ సభలో జర్మను ప్రభుత్వ ఖండనమును అంగీకరించినాడు. దాని ఫలము అచటితో ముగియలేదు. నాజీలు యూదులను సామూహికముగ సంహరించుచున్నారను వార్తలు రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనుకు చేరినపుడు, అవి సత్యములే యైనను, 1943లో అచటి అధికారులలో కొందరు ఈ పాత కథను జ్ఞప్తికి తెచ్చుకొని సందేహించినారు.