దాణా నుండి ఆసుపత్రి వరకు: కొలిస్టిన్ నిరోధక జన్యువు

ఇతర యాంటీబయాటిక్‌లకు లొంగని అనేక గ్రామ్-నెగటివ్ బాక్టీరియా వ్యాధులలో వైద్యులకు మిగిలిన చివరి మందులలో కొలిస్టిన్ ఒకటి. మూత్రపిండాలకు హాని చేసే గుణం వలన ఒకప్పుడు వైద్యంలో దీని వాడకం బాగా తగ్గింది. కార్బపెనెమ్ మందులను సైతం తట్టుకునే బాక్టీరియా ఆసుపత్రులలో పెరగడంతో తిరిగి దీనినే ఆశ్రయించవలసి వచ్చింది. ఇదే మందును అనేక దేశాలలో పందుల, కోళ్ల పెంపకంలో వ్యాధుల అదుపునకు, త్వరిత పెరుగుదలకు దాణాలో కలుపుతూ వచ్చారు.

నిరోధకత ఏర్పడే తీరు

కొలిస్టిన్ అణువుకు ధనావేశం, బాక్టీరియా బాహ్యపొరలోని లిపిడ్-ఎకు ఋణావేశం ఉంటాయి. ఈ ఆకర్షణ వలననే మందు పొరకు అంటుకొని దానిని ఛేదిస్తుంది. ఎం.సి.ఆర్-1 అనే జన్యువు ఉత్పత్తి చేసే ఎంజైము లిపిడ్-ఎకు ఫాస్ఫోఇథనోలమైన్‌ను జోడించి ఋణావేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మందు పొరకు సరిగా అంటుకోదు.

అంతకుముందు తెలిసిన కొలిస్టిన్ నిరోధకత క్రోమోజోములోని మార్పుల వలన కలిగేది. అది ప్రధానంగా తల్లికణం నుండి పిల్లకణాలకు మాత్రమే సంక్రమించేది. ఎం.సి.ఆర్-1 ప్లాస్మిడ్‌పై ఉంటుంది. కనుక ఒక బాక్టీరియా నుండి పక్కనున్న వేరొక జాతి బాక్టీరియాకు సైతం చేరగలదు.

చైనా అనుభవం

ఈ జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2015లో వెల్లడించారు. వారి పరిశీలనలో 804 జంతు నమూనాలలో 166, 523 పచ్చి మాంసపు నమూనాలలో 78, ఆసుపత్రులలోని 1,322 మంది రోగులలో 16 మంది నమూనాలలో ఈ జన్యువు గల బాక్టీరియా లభించింది. అంటే జంతువులలో సుమారు 21 శాతం, మాంసంలో 15 శాతం, రోగులలో 1 శాతం. ఈ వరుస జన్యువు జంతువుల నుండి మనుషులకు చేరుతున్నదని సూచించినా, అదొక్కటే నిరూపణ కాదు.

2017లో చైనా పెరుగుదల కోసం దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిలిపివేసింది. పందులలో కొలిస్టిన్‌ను తట్టుకునే ఇ. కోలై 2015-16లో 34 శాతం ఉండగా, 2017-18 నాటికి 5.1 శాతానికి తగ్గింది. ఆరోగ్యవంతులైన మనుషులలోనూ ఈ జన్యువు తగ్గుముఖం పట్టింది. దాణాలో తీసుకున్న నిర్ణయం ఫలితం మనుషుల పేగుల వరకు చేరిందనడానికి ఇది బలమైన ఆధారం.

మన రైతులు గమనించవలసినవి

భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణాకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. కోళ్ల, రొయ్యల పెంపకం విస్తారంగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది ముఖ్యమైన నిర్ణయం.

నోటి ద్వారా ఇచ్చిన కొలిస్టిన్ పేగులలో చాలా తక్కువగా గ్రహించబడి, అధిక భాగం పెంటలోనే వెలువడుతుంది. కావున మందు అవశేషాలు, నిరోధక బాక్టీరియా కలిసి ఎరువు ద్వారా పొలానికి చేరగలవు. ఈ కారణంగా,

1. పచ్చి కోళ్ల ఎరువును నేరుగా పొలంలో, ముఖ్యంగా పచ్చిగా తినే కూరగాయల మళ్లలో వేయరాదు.

2. ఎరువును కుప్పవేసి, 55 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కుప్ప అంతటికీ అందేలా పలుమార్లు తిరగవేసి, బాగా చివికిన తరువాతనే వాడాలి. దీనివలన నిరోధక బాక్టీరియా గణనీయంగా తగ్గుతుంది. జన్యువులు పూర్తిగా నశిస్తాయని మాత్రం భావించరాదు.

3. కూర్పు వివరాలు లేని దాణా మిశ్రమాలను కొనరాదు. యాంటీబయాటిక్‌లను పశువైద్యుని సలహాపై, జబ్బు చేసినప్పుడే వాడాలి.

ఎరువును చివకబెట్టడం వ్యాప్తిని తగ్గించే మార్గమే. మూలాన్ని అరికట్టేది దాణా దగ్గర పాటించే నియమం.