దేవగన్నేరు: పెరటి పెంపకము, రకముల సేకరణము

మన గ్రామములలో గుడి ప్రాంగణమునందో, పాత బంగళా ముంగిటనో ఒక దేవగన్నేరు చెట్టైనను కానరాకపోదు. శీతకాలమున ఆకులన్నియు రాల్చి మోడువలె నిలిచి, వేసవి తొడగగానే ఆ మోడు కొనలయందే పూలగుత్తులు పెట్టుట దీని స్వభావము. తెల్లవారుసరికి చెట్టు క్రింద రాలిన పూలను పిల్లలు ఏఱుకొనుట మనమందఱము చూచినదే. ఇంత సామాన్యమైన చెట్టును గూర్చి సహకార పత్రికలో పాఠమేల యని సభ్యులు కొందఱు తలంపవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. ఎఱుపు, గులాబి, నారింజ, పసుపు వన్నెల క్రొత్త రకములు నేడు నర్సరీలలో హెచ్చు వెలలకు అమ్ముడుపోవుచున్నవి; వాని స్వభావ మెఱుగక కొన్నవారు సొమ్మును, మొక్కను గూడ పోగొట్టుకొనుచున్నారు. ఇది మొదటి కారణము. మంచి రకమును తరతరములు నిలుపుకొనుట ఒంటరివాని పని గాక పదిమంది పని యగుట రెండవ కారణము. ఈ రెండవ విషయమును చివర వివరింతుము.

చెట్టు పుట్టుక

దేవగన్నేరు మన దేశమున పుట్టిన చెట్టు కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరిబియను దీవులు దీని జన్మస్థానములు. ఫ్రాన్సు దేశపు సన్న్యాసియు వృక్షశాస్త్రజ్ఞుడునగు చార్లెస్ ప్లూమియే (1646-1704) ఆ దీవులలో సంచరించి అచటి మొక్కలను వర్ణించెను. ఆయన పేరిటనే ఈ చెట్టునకు శాస్త్రమున ప్లుమేరియా యను నామము కలిగినది. సముద్రము దాటి వచ్చిన ఈ చెట్టు తూర్పుదేశములలో ఆలయముల చెట్టయి కూర్చున్నది. లావోసు దేశమునకును, నికరాగువా దేశమునకును ఇదియే జాతీయపుష్పము. హవాయి దీవులవారు దీని పూలను గ్రుచ్చి అతిథులకు మాలలు వేయుదురు.

మన గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనము మొదలగునవన్నియు దీని కుటుంబములోనివే. కావుననే కొమ్మ విఱిచిన వెంటనే పాలు కారును. ఈ పాలు చర్మమునకు దురద, కంటికి మంట కలిగించును. కొమ్మలు కోసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలను దగ్గఱకు రానీయకూడదు.

జాతులను గుర్తించుట

సేకరణము చేయగోరువారు మొదట ఆకును చూడ నేర్వవలెను. పూవులేని కాలమున మోసపోకుండుట కిదియే సాధనము. మన యూళ్ళలో ముఖ్యముగా మూడు జాతులు కనబడును.

మొదటిది రూబ్రా. దీని ఆకు పొడవుగా నుండి కొన సూదిగా నుండును. శీతకాలమున ఆకులు రాలిపోవును. ఎఱుపు, గులాబి, పసుపు, మిశ్రమవర్ణముల రకములలో హెచ్చుభాగము ఈ జాతిలోనివి, లేక దీని సంకరమువలన కలిగినవి.

రెండవది ఆబ్ట్యూసా. ఆకు కొన గుండ్రముగా నుండి, నిగనిగలాడు ముదురాకుపచ్చగా నుండును. పూవు తెల్లన, నడుమ పసుపు. ఇది ఏడాదిలో చాలకాలము ఆకులను నిలుపుకొనును. దీని ప్రసిద్ధ రకమునకు సింగపూర్ అని పేరు. ఈ జాతి పుట్టినది కరిబియను ప్రాంతముననే; కాని 1931లో సింగపూరునుండి హవాయికి చేరుటచే ఆ పేరు కలిగినది. రకము పేరును బట్టి పుట్టినచోటును ఊహింపరాదనుట కిది యొక దృష్టాంతము.

మూడవది ప్యూడికా. దీని ఆకు గరిటెవలె కొన వెడల్పుగా నుండును. పొదవలె పెరిగి ఇంచుమించు సంవత్సరమంతయు తెల్లని పూలు పూయును. పరిమళము మాత్రము స్వల్పము. పెంచుట సులభమగుటచే క్రొత్తవారు దీనితో నారంభించుట మేలు.

వీనిలో రూబ్రా జాతినుండియు, దాని సంకరములనుండియు పేరుగల రకములు అనేకము వెలసినవి. నిమ్మవాసనతో కూడిన పసుపు పూల సెలడైన్, ముదురెఱుపు పూల స్కాట్ ప్రాట్ అట్టివి. అమెరికాలోని హ్యూస్టను నగరమున 1979లో ఏర్పడిన ప్లుమేరియా సంఘము రకముల పేర్లను నమోదుచేయు పనిని నిర్వహించుచున్నది.

విత్తనమునకును కొమ్మకును భేదము

ఈ పాఠమునందెల్ల ముఖ్యమైన విషయమిది. వరిని విత్తిన అదే వరి పండునని మనము నమ్మి యున్నాము. దేవగన్నేరు విషయమున అట్లు కాదు. దీని కాయలు ఎద్దుకొమ్ములవలె జంటలుగా కాచి, పండుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. వానిలోని రెక్కల గింజలు చక్కగా మొలచును. కాని ఎఱ్ఱపూల చెట్టు గింజనుండి పుట్టిన మొక్క ఎఱ్ఱగానే పూయునను నిశ్చయము లేదు. ప్రతి గింజయు ఒక క్రొత్త రకమే. అది పూచుటకు రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పు డంతకు మించియు పట్టును.

కావున రంగు బొమ్మలు చూపి, ఫలానా రకపు విత్తనములని అమ్మువారిని నమ్మరాదు. నీలిరంగు దేవగన్నేరు గింజలని అమ్మజూపువారును కలరు. నీలిపూలు పూయు దేవగన్నేరు లోకమున లేదు. గింజలను వేడుకకు నాటవచ్చును, అంటుకట్టుటకు వేరుమొక్కలుగా పెంచవచ్చును. రకముకొఱకు మాత్రము కొమ్మనో, అంటునో కొనవలెను.

కొమ్మ కోయు విధము

చెట్టు ఆకురాల్చి నిద్రించు దినములు ముగియవచ్చినపుడు, అనగా ఫిబ్రవరి, మార్చి మాసములయందు కొమ్మ కోయుట ఉత్తమము. లేబచ్చని కొమ్మ క్రుళ్ళును. బెరడు బూడిదవన్నెకు తిరిగిన ముదురుకొమ్మ బ్రదుకును. అడుగునుండి అడుగున్నర పొడవుగల కొమ్మను పదునైన కత్తితో కోసి, ఆకులున్నచో తీసివేయవలెను. ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు పోవునపుడు కత్తిని సబ్బునీటితో కడిగి తుడువవలెను.

కోసిన కొమ్మను వెంటనే నాటుట మనవారు సామాన్యముగా చేయు తప్పు. దానిని నీడలో, గాలి తగులుచోట, పది పదునైదు దినములు ఆరబెట్టవలెను. కోసినచోట పాలు గడ్డకట్టి, గాయము ఎండి గట్టిపడవలెను. అట్లు మానిన కొమ్మలోనికి తెగులు సులభముగా చొరదు. పిమ్మట ముతక ఇసుక హెచ్చుగా కలిపిన మట్టిలో మూడు నాలుగంగుళముల లోతున నాటి, కదలకుండ ఒక పుల్లకు కట్టవలెను. అడుగున కన్నములు లేని కుండీ పనికిరాదు. ఈ దశలో ఎరువు వేయరాదు.

నాటిననాడు ఒక్కమాఱు నీరు పోసి, తరువాత మట్టి బాగుగా ఎండువఱకు పోయరాదు. కొంత కాలమునకు కొనయందు చిన్న ఆకులు విచ్చును. వానిని చూచి వేళ్ళు పుట్టినవని సంతసించి నీరు పోయువారు పెక్కండ్రు. కొమ్మ తనలో దాచుకొన్న రసముతోనే ఆ తొలి ఆకులను విచ్చగలదు. ఆకులు పెద్దవై నిలిచిననాడే వేళ్ళు పుట్టినట్లు. అందులకు సామాన్యముగా ఆఱు మొదలు ఎనిమిది వారములు పట్టును. అంతవఱకు కొమ్మను పెల్లగించి చూడరాదు.

స్థలము, నీరు, ఎరువు

దేవగన్నేరునకు దినమునకు ఆఱు గంటల ఎండయైనను తగులవలెను. నీడలో పెరిగిన చెట్టు ఆకు వేయును గాని పూయదు. ఎఱ్ఱచెలక, ఇసుకనేల దీనికి ఇష్టము. నల్లరేగడిలో నాటదలచినవారు జానెడెత్తు మట్టిదిబ్బ పోసి దానిపై నాటవలెను. వానకాలమున మొదట నీరు నిలిచినచో చెట్టు దక్కదు. కుండీకి ఎఱ్ఱమన్ను రెండు పాళ్ళు, ముతక ఇసుక రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపవలెను.

వేసవిలో చెట్టు చిగిర్చినది మొదలు వానలు తగ్గువఱకు నెలకొకమాఱు చివికిన ఎరువు, కొంచెము వేపపిండి వేయవచ్చును. యూరియా హెచ్చుగా వేసినచో ఆకులే గాని పూలుండవు. శీతకాలమున ఎరువు మానివేసి, నీరు మిక్కిలి తగ్గింపవలెను. ఆకులు రాలుట చూచి చెట్టు చచ్చుచున్నదని తొట్లకొలది నీరు పోయుటవలన చచ్చిన చెట్లే హెచ్చు.

పూలగుత్తి కొమ్మ కొననే పుట్టును. అది పూచిన పిదప ఆ కొన నిలిచిపోయి, దాని ప్రక్కలనుండి రెండు మూడు క్రొత్త కొమ్మలు వచ్చును. కొమ్మ లెన్ని యున్న పూలగుత్తులకు అంత చోటు. కావున శీతకాలాంతమున కొనలు కత్తిరించిన చెట్టు ఆ ఏట కొంచెము తక్కువ పూచినను, పై ఏడు గుబురుగా పూయును. కత్తిరించిన కొనలే నాటుటకు కొమ్మలగును.

తెగుళ్ళు

వానకాలమున ఆకు అడుగున నారింజరంగు పొడి కనబడినచో అది త్రుప్పు తెగులు. అట్టి ఆకులను, రాలినవానితో సహా, ఏఱి కాల్చివేయవలెను. నీరు మొదటనే పోయవలెను గాని ఆకులపై చల్లరాదు. చెట్లను గాలి యాడునట్లు ఎడముగా నుంచవలెను. పిండినల్లి పట్టినచో లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి చల్లవలెను.

అన్నిటికంటె భయంకరమైనది కాండపు క్రుళ్ళు. కొమ్మను నొక్కి చూచిన మెత్తగా నుండును. అపుడు జాగు చేయక, లోపలి దవ్వ తెల్లగా, మచ్చలేక కనబడువఱకు పైకి కోసికొనుచు పోవలెను. మిగిలిన మంచి కొనను ఆరబెట్టి మరల నాటవలెను. మొదలు పోయినను రకము దక్కును.

ఇచ్చినదే దక్కినది

ఇప్పుడు మా యనుభవ మొకటి చెప్పెదము. మా పెరటిలో కొన్ని యేండ్ల శ్రమతో కూర్చిన పదునొకండు రకములు కుండీలలో నుండెను. ఒక వానకాలమున ఎడతెగని ముసురు పట్టగా, ఊరనుండి మేము తిరిగి వచ్చుసరికి ఏడు కుండీలు క్రుళ్ళియుండెను. నాలుగింటి కొనలను కోసి దక్కించుకొంటిమి. మూడు పూర్తిగా పోయినవి. అందు ఒకటి నారింజవన్నె పూలది. దానిని మాకిచ్చిన వృద్ధుని చెట్టు అంతకుముందే గాలివానకు కూలిపోయినది. ఆ రకమిక లేదనుకొంటిమి. ఆ మాట విని పొరుగింటి యామె, రెండేండ్ల క్రిందట మేము కత్తిరించి పాఱవేయబోగా అడిగి తీసికొన్న కొమ్మను చూపినది. అది ఆమె దొడ్డిలో నూతిగట్టు ప్రక్కన తలెత్తు పెరిగి, పూచియున్నది. మేము భద్రముగా దాచుకొన్నది పోయినది, ఇచ్చినది నిలిచినది.

విత్తనముద్వారా నిలువని రకమునకు కొమ్మయే ప్రాణము. ఒక్క పెరటిలోనే యున్న రకము ఒక్క ముసురుతో, ఒక్క గాలివానతో అంతరింపవచ్చును. ఐదిండ్లలో నున్నది అట్లు అంతరింపదు. కావున సభ్యులకు మా సూచన లివి.

1. ప్రతి చెట్టునకు అల్యూమినియపు రేకు ముక్కపై మేకుతో గీసిన సంఖ్యను వదులుగా కట్టవలెను. సిరా వ్రాత ఎండవానలకు నిలువదు.

2. ఒక పద్దుపుస్తకమున ఆ సంఖ్య, కొమ్మ నిచ్చినవారి పేరు, నాటిన తేది, తొలి పూత, పూవు వన్నె, వాసన వ్రాసికొనవలెను. ఎండ హెచ్చుతగ్గులను బట్టి పూవు రంగు మాఱును. రెండు పూతలు చూడక ఇది ఫలానా రకమని నిర్ణయింపరాదు.

3. పేరు తెలియని రకమునకు కల్పితమైన పేరు పెట్టక, ఊరి పేరుతోనో, ఇచ్చినవారి ఇంటి పేరుతోనో పిలుచుకొనుట నిజాయితీ.

4. క్రొత్త రకము చేతికి వచ్చినపుడు, అది కొమ్మ లిచ్చు స్థితికి రాగానే ఇద్దఱికైనను ఇయ్యవలెను. ఫిబ్రవరి, మార్చి మాసములలో సంఘపు సమావేశమునకు వచ్చునపుడు కత్తిరించిన కొమ్మలను సంఖ్యలతో తెచ్చి మార్చుకొనుట సులభము.

తుదిగా ఒక హెచ్చరిక. మల్లె, చామంతులకువలె దేవగన్నేరు పూలకు మన అంగళ్ళలో నిలుకడయైన గిరాకి లేదు. దీనికై సాగుభూమిని కేటాయించుట గాని, అప్పుచేసి వెలగల రకములు కొనుట గాని తగదు. పెరటిలోను, నూతిగట్టునను, కంచె ప్రక్కను ఖాళీగా నున్న చోటు దీనికి చాలును. వేళ్ళూనిన మొక్కలు మిగిలినచో అమ్ముకొనవచ్చును. ఆ రాబడి వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడైనట్లే గాని పంటకు బదులు గాదు.

రాబోవు శీతకాలాంతమున మీ చెట్టు కత్తిరించునపుడు ఆ కొనలను కుప్పలో పాఱవేయకుడు. వానిని నీడలో ఆరబెట్టి, సంఖ్య కట్టి, పొరుగువారి కిండు. ఆనాడు వారికి మీరు చేసిన ఉపకారమే ఒకనాడు మీ రకమునకు రక్షణయగును.