భయంతోనే మైకు పట్టుకోండి

మీటింగులో మీ వంతు వస్తోందంటే గుండె దడదడలాడుతోందా? నలుగురి ముందు నోరు తెరవగానే గొంతు ఎండిపోతోందా? అయితే బ్రిటన్ రాజు ఆరో జార్జి కథ మీకోసమే. రాజులతో మనకేం పని అనకండి. ఈయన దగ్గర నేర్చుకోవాల్సింది రాచరికం కాదు, ప్రాక్టీస్!

1895 డిసెంబర్ 14న పుట్టాడు. అసలు పేరు ఆల్బర్ట్, ఇంట్లో బెర్టీ. చిన్నప్పటి నుంచి నత్తి. ఎడమచేతి వాటం ఉంటే బలవంతంగా కుడిచేత్తో రాయించారు. కాళ్లు తిన్నగా రావాలని బద్దలు కట్టారు. నేవల్ కాలేజీ చివరి పరీక్షలో క్లాసు మొత్తానికీ ఆఖరి ర్యాంకు. పైగా అన్న ఎడ్వర్డ్ అందగాడు, మాటకారి, జనానికి హీరో. "అన్నయ్యను చూసి నేర్చుకో" అనే మాట విని పెరిగినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి బెర్టీ పిరికివాడా? చూడండి. 1916లో జట్లాండ్ నౌకా యుద్ధం. ఒంట్లో బాగాలేక పడుకున్నవాడు లేచి, కాలింగ్‌వుడ్ నౌకలో ఫిరంగుల దగ్గర డ్యూటీకి వెళ్లాడు. గుండ్ల వర్షానికి బెదరని మనిషి మైకు చూస్తే వణికాడు!

మీరూ అంతే. "నాకు కాన్ఫిడెన్స్ లేదు" అని మీ మొత్తం మీద ముద్ర వేసుకోకండి. మీకు ధైర్యం ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. లేనిది ఎక్కడ? అది ఒక్కటే కాగితం మీద రాయండి. ఫోన్లో మాట్లాడటమా? బాస్ ముందా? ఇంగ్లిష్‌లోనా? గురి దొరికితే సగం పని అయినట్టే.

బెర్టీకి ఆ గురి 1925 అక్టోబర్ 31న దొరికింది. వెంబ్లీలో ఎంపైర్ ఎగ్జిబిషన్ ముగింపు సభ. వేలమంది ముందు మాట పెగల్లేదు. వింటున్నవాళ్లకూ ప్రాణసంకటమే. అంతకు ముందు ఎందరో స్పెషలిస్టులను చూసి విసిగిపోయి ఉన్నాడు. అయినా భార్య ఎలిజబెత్ ఒప్పించడంతో, 1926 అక్టోబర్‌లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో ఇంకో తలుపు తట్టాడు.

ఆ తలుపు వెనకున్నది లయొనెల్ లోగ్. ఆస్ట్రేలియా మనిషి. డాక్టరు డిగ్రీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని మాట పడిపోయిన సైనికులకు వైద్యం చేస్తూ పని నేర్చుకున్నాడు. మంత్రం వేయలేదు, మాత్ర ఇవ్వలేదు. హోంవర్క్ ఇచ్చాడు! రోజూ చేయాలి, మానకూడదు. రాజకుమారుడైనా సరే.

ఆ హోంవర్క్ మీరూ ఈరోజే మొదలుపెట్టొచ్చు:

• పొట్ట నిండా గాలి పీల్చి, నిదానంగా వదలండి. మాట మోసేది గాలే.
• అ, ఆ, ఇ, ఈ... అచ్చులు గట్టిగా, సాగదీసి పలకండి. చిన్నప్పుడు లక్ష భక్ష్యాల లక్ష్మయ్యతో నాలుక తిప్పుకున్నామే, అలాంటి కసరత్తులే బెర్టీ చేతా చేయించారు.
• స్క్రిప్టులో మిమ్మల్ని ఆపే పదం ఉందా? కొట్టేయండి. సులువైన పదం పెట్టండి. ఇందులో సిగ్గేం లేదు. రాజు ప్రసంగాల్లో లోగ్ చేసిన ముఖ్యమైన పనుల్లో ఇదొకటి.
• ఎక్కడ ఆగాలో ముందే గీత గీసుకోండి. తడబడి ఆగితే జనం జాలిపడతారు. కావాలని ఆగితే చెవి రిక్కిస్తారు.

1927 మే 9న కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా కొత్త పార్లమెంటు భవనాన్ని ప్రారంభిస్తూ బెర్టీ చక్కగా మాట్లాడాడు. ఈయన కథతో తీసిన 'ది కింగ్స్ స్పీచ్' సినిమా చూసినవాళ్లు 1939 రేడియో ప్రసంగంతోనే మార్పు వచ్చిందనుకుంటారు. కాదు, అసలు మలుపు పన్నెండేళ్ల ముందే వచ్చింది. సినిమాకు రెండు గంటలే టైము మరి!

నత్తి పూర్తిగా పోయిందా? పోలేదు. ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. 1936 డిసెంబర్‌లో తాను ప్రేమించిన వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడటానికి అప్పటికి రాజైన అన్న ఎడ్వర్డ్ సింహాసనం వదిలేస్తే, కిరీటం బెర్టీ నెత్తిన పడింది. ఆయన తల్లి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏడ్చాడు, లేచాడు, పనిలో పడ్డాడు. 1939 సెప్టెంబర్ 3న జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజు సాయంత్రం మైకు ముందు నిలబడ్డాడు. పక్కన లోగ్ ఉన్నాడు. భయం కూడా ఉంది! నెమ్మదిగా, ఆగి ఆగి, చివరిదాకా చదివాడు. "ముందు భయం పోనీ, తర్వాత మాట్లాడతాను" అంటున్నారా? ఆ తేదీ రాదు.

మైకు భయాన్ని దాటడం ఒక్కటే కాదు, ఆయన తన అభిప్రాయాలూ మార్చుకున్నాడు. 1940లో ప్రధానిగా మంత్రి హాలిఫాక్స్ వస్తే బాగుండునని ఆయన మనసులో ఉంది. చర్చిల్ వచ్చాడు. రాజు అలిగి కూర్చోలేదు. వారం వారం మంగళవారం భోజనానికి పిలిచాడు, ఆప్తుడయ్యాడు. మీకు నచ్చని టీమ్ లీడర్ వచ్చాడా? ముందు కలిసి లంచ్ చేయండి.

1940 సెప్టెంబర్ 13న బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద బాంబులు పడ్డప్పుడు రాజదంపతులు లోపలే ఉన్నారు. దేశం వదలలేదు. యుద్ధకాలపు పొదుపు రూలు ప్రకారం స్నానాల తొట్టిలో ఐదంగుళాల దగ్గర గీత; అంతకు మించి వేడినీళ్లు రాజుకైనా లేవు. రూల్ చెప్పేవాడు ముందు తాను పాటించాలి. ఇంట్లో పిల్లలకు ఫోన్ టైము పెట్టే అమ్మానాన్నలూ, వింటున్నారా?

ఒక్క మాట. ఈయన అప్పట్లో మనకు చక్రవర్తి కూడా. మన నాయకులను అడక్కుండానే వైస్రాయి ఇండియాను యుద్ధంలోకి దించాడు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ ప్రభుత్వం సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. అదంతా మరిచి పూజించమని నేను అనను. పద్ధతి పట్టుకోండి, పటం కట్టక్కర్లేదు.

అన్నట్టు, ఇంత క్రమశిక్షణ ఉన్న మనిషికి ఒక అలవాటు మాత్రం లొంగలేదు. సిగరెట్. 1951 సెప్టెంబర్‌లో ఊపిరితిత్తి ఒకటి తీసేయాల్సి వచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ సందేశం ఒక్క బిగిన చదివే ఓపిక లేక ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారు. పాతికేళ్లు శ్రమించి సాధించిన ఊపిరిని పొగ తినేసింది. 1952 ఫిబ్రవరి 6న, 56 ఏళ్లకే వెళ్లిపోయాడు. కాబట్టి ఇందాక మీ భయం పేరు రాసుకున్న కాగితం తీయండి. దాని కిందే, మానాల్సిన అలవాటు పేరు కూడా రాయండి. రెండింటికీ రేపు పొద్దున్నే మొదలు.