దూరవిద్యలో సహపాఠులు

ఒక గురువు చెప్పు పాఠమును ఒకే వేళ వినువారందరును సహపాఠులగుదురా? కోవిడ్ వ్యాధి మూలమున 2020 మార్చిలో బడులు మూతపడి, పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మన జోడ్‌భావి పేటలోను పుట్టినది. మహారాష్ట్ర నగరములలో 8 మొదలు 12 వరకు తరగతులు మరల తెరువబడినది 2021 అక్టోబరు 4వ తేదీన. అంతవరకు, ఇంట నున్న ఒక్క ఫోను అన్నకా, చెల్లెలికా అను తగవు పెక్కు ఇండ్లలో నడచినది. ఆ కష్టము అందరికిని తెలిసినదే. తెలియకుండ జరిగిన నష్టము వేరొకటి గలదు.

మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాటలాడుదురు. కాని ఇంటి తెలుగులో సమీకరణము లేదు, బాష్పీభవనము లేదు. ఆ మాటలు నోట నలుగునది తరగతిలో, ప్రక్కవానిని మెల్లగా “నీకు లెక్క ఎంత వచ్చిందిరా?” అని అడుగునప్పుడే. (ఆ గుసగుసలను ఉపాధ్యాయులెల్లరు గద్దింతురనుట వేరు మాట.) ఫోనులో గురువు మాట విద్యార్థికి చేరును, విద్యార్థి మాట విద్యార్థికి చేరదు.

ఈ చిక్కునకు మన జిల్లాయందే ఒక దారి కానవచ్చుచున్నది. మాఢా తాలూకా పరితేవాడి జిల్లా పరిషత్తు పాఠశాలలో 2009లో చేరిన రంజిత్‌సింహ్ డిసలే గారు, అచ్చటి పిల్లల మాతృభాష కన్నడమని గ్రహించి, తాము కన్నడము నేర్చి, పాఠములను ఆ భాషలోనికి మార్చి, పుస్తకములకు క్యూఆర్ కోడులు జతపరచిరి. 2020లో వారికి గ్లోబల్ టీచర్ బహుమానము లభించినది. వారి పనులలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది మరొకటి. భారత పాకిస్తానములు, ఇజ్రాయెల్ పాలస్తీనాలు మున్నగు వైరము గల దేశముల పిల్లలను అంతర్జాలమున కలుపు కార్యక్రమమది. అందు ప్రతి విద్యార్థికిని అన్యదేశపు సహచరుడొకడు ఏర్పడును. ఆరు వారములు ఇరువురును కలిసి పనిచేయుదురు. వేలమందిని ఒక తెరపై కూర్చుట కాదు, ఇద్దరికొక పని నిచ్చుటయే ఇందలి కీలకము. ఒంటరిగా ముగియని పని యున్నప్పుడు మాట దానంతట అదే పుట్టును.

1982లో హైదరాబాదున నెలకొల్పబడి, నేడు అంబేద్కర్ పేరుతో నున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము సైతము పుస్తకములు పంపి ఊరకుండక, అధ్యయన కేంద్రములలో విద్యార్థులు కలిసికొను తరగతులు నడపినది.

పదియవ తరగతి పిమ్మట పనిపాటులలో నుండియే దూరవిద్యలో చేరు మన వారికి మా సూచన యిది: ఒకే వాడకు చెందిన ఇద్దరు జతగా కుదురుకొనవలెను. నేడు ఒకరు పాఠమును తెలుగులో చెప్పవలెను, రెండవవారు ప్రశ్నింపవలెను. రేపు వంతు మారును. ఫోను లేనిచోట నోటుపుస్తకము చేతులు మారినను చాలును. తల్లిదండ్రులకొక మనవి: పాఠము ముగిసిన పిమ్మట పిల్లలు స్నేహితులతో మాటలాడుచున్నచో వెంటనే ఫోను లాగికొనక, ఏ లెక్కను గూర్చి ఆ వాదమో ఒకసారి చెవియొగ్గి వినుడు.