జలచికిత్స - అవగాహన

తూర్పు కనుమల చేరువన వెలసిన పట్టణం నర్సీపట్నం. వరాహ, తాండవ నదులు ప్రవహించే ఆ సీమలో పిల్లలకు నీటితో చెలిమి బాల్యంలోనే మొదలవుతుంది. ఎండిన సొరకాయ బుర్రలు కట్టి బావిలో ఈత నేర్పడం తెలుగు పల్లెలు ఎరిగిన పద్ధతే. అయితే, భయపడే పిల్లవాణ్ణి ఒక్కసారిగా నీటిలోకి తోస్తే భయం దానంతట అదే పోతుందని నమ్మేవారూ ఉన్నారు. ఆ నమ్మకం ఎంత పొరపాటో జలచికిత్సా విధానాన్ని పరిశీలిస్తే బోధపడుతుంది.

ఆందోళన పిరికితనం కాదు. పరీక్షలు, కొత్త మనుషులు, తల్లిని విడిచి ఉండవలసిన ఘడియలు పిల్లల మనస్సును నెలల తరబడి పీడించినప్పుడు గుండెదడ, కడుపునొప్పి, నిద్రలేమి కలుగుతాయి. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలలో నూటికి సుమారు నలుగురు ఇటువంటి రుగ్మతతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇట్టి పిల్లలకు నీరు కొంత ఊరటనిస్తుంది. మెడవరకు నీటిలో నిలిచినప్పుడు శరీరభారంలో ఇంచుమించు పదోవంతు మాత్రమే పాదాలపై పడుతుంది. నలువైపులనుండి నీరు ఒత్తడంవల్ల ఎవరో పొదివి పట్టుకున్నట్లు ఉంటుంది. 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడిగల నీటిలో కండరాల బిగువు సడలుతుంది. నీటిలోకి బుడగలు ఊదే ఆటలో నిశ్వాసం దీర్ఘమై, గుండె వేగం నెమ్మదిస్తుంది.

అయితే నీటి గుణం ఒక్కటే చాలదు. 1949లో లండన్‌లోని హాలివిక్ పాఠశాలలో శారీరక వైకల్యంగల బాలికలకు జేమ్స్ మెక్‌మిలన్ అనే ఇంజనీరు ఈత నేర్పనారంభించాడు. ఆ పద్ధతిలో బుర్రలు, బెండ్లవంటి సాధనాలు ఉండవు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క శిక్షకుడు ఉంటాడు. మొదట బిడ్డకు పూర్తిగా ఆసరా ఇస్తాడు. బిడ్డకు ధైర్యం చిక్కినకొద్దీ ఆ ఆసరాను క్రమంగా తగ్గిస్తాడు. చివరకు తాకకుండా చెంతనే నిలుస్తాడు. తోయడానికీ, తోడు నిలవడానికీ ఉన్న భేదం ఇదే.

ఈ చికిత్సకు పరిమితులు ఉన్నాయి. దీనిపై జరిగిన అధ్యయనాలలో పెక్కు చిన్నవి. ఆందోళనకు మనోవైద్యుల సలహా, ఆలోచనాధోరణిని సరిదిద్దే చికిత్స ప్రధానం. జలచికిత్స వాటికి తోడు మాత్రమే. నదులు, జలాశయాలు, బావులు చికిత్సాస్థలాలు కావు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించారన్న సంగతి మరువరాదు. మానసిక వేదనలో ఉన్నవారు 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవను 14416 నంబరుద్వారా ఉచితంగా పొందవచ్చు.

చరకసంహిత పదమూడు స్వేదవిధులను పేర్కొన్నది. ఔషధజలంలో మునిగి కూర్చోవడం వాటిలో ఒకటి. దాని పేరు ‘అవగాహనం’. సంస్కృతంలో ‘మునగడం’ అనే అర్థంగల ఆ పదమే తెలుగులో ‘అవగాహన’గా, తెలుసుకోవడమనే అర్థంలో స్థిరపడింది. బిడ్డను నీటిలోకి దింపడానికి ముందు, ఆ బిడ్డ భయంలోకి పెద్దలు దిగి చూడాలి. మొదటి అవగాహన వారిదే కావాలి.

కఠిన పదాలు: నిశ్వాసం = బయటకు విడిచే ఊపిరి; స్వేదవిధి = చెమట పట్టించే చికిత్స.

ప్రశ్నలు:
1. భయపడే పిల్లలను నీటిలోకి తోయడం ఎందుకు తగదు?
2. ‘అవగాహన’ పదంలోని రెండర్థాలను పాఠం ఆధారంగా వివరించండి.