మధ్యాహ్నం ఎక్కడుంటాం? వేసవి విడిదికి ముందు వేసుకోవలసిన లెక్క

పిల్లల పరీక్షలు అయిపోగానే భిలాయిలోని చాలా తెలుగు కుటుంబాలు సొంత ఊరికి రైలెక్కుతాయి. ఈసారి ముందుగా నాలుగు రోజులు చెట్ల మధ్య ఏదైనా కాటేజీలో గడుపుదామని సెక్టర్ 6లోని మా ఇంట్లో అనుకున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, 74 ఏళ్ళ మా అమ్మ. అమ్మకు బీపీ ఉంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అంటాం. ఇక్కడివాళ్ళు ఆ రోజులనే నౌతపా అంటారు. అందుకే ఊరి పేరుకంటే ముందు ఒక ప్రశ్న వేసుకున్నాం: ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా అమ్మ ఎక్కడ ఉంటుంది? తక్కినవన్నీ ఆ జవాబును బట్టే తేలాయి.

చోటు

పిల్లలు కాన్హా అన్నారు. ముక్కీ గేటు మనకు దగ్గర. కవర్ధా, చిల్ఫీ మీదుగా వెళ్ళవచ్చు. ఎండాకాలంలో పులులు నీటి గుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి కనబడే అవకాశం ఎక్కువ. వానాకాలంలో పార్కు మూసేస్తారు. కానీ జీపు కుదుపులు అమ్మ నడుముకు పడవు, మధ్యాహ్నం అక్కడా ఎండ ఎండే.

అమర్‌కంటక్ సంగతి వేరు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. భిలాయి ఎత్తు సుమారు 300 మీటర్లు, అమర్‌కంటక్ 1,000కి పైనే. అంటే నాలుగైదు డిగ్రీల తేడా, చుట్టూ సాల వృక్షాల నీడ. నర్మద, సోన్ నదులు పుట్టేది అక్కడే. ఒకటి పడమటి సముద్రానికి, మరొకటి గంగలోకి పోతాయి. పిల్లలకు భూగోళ పాఠం కళ్ళముందే ఉంటుంది. అందుకే అమర్‌కంటక్ ఖాయం చేశాం. ఎదిగిన పిల్లలు మాత్రమే ఉన్న ఇంటికి కాన్హాయే మేలు కావచ్చు.

ప్రయాణం

దుర్గ్ నుంచి భోపాల్ వెళ్ళే అమర్‌కంటక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఊరికి వెళ్ళదు. పెండ్రా రోడ్‌లో దిగి, అక్కడి నుంచి కొండదారిలో కారు మాట్లాడుకోవాలి. రాత్రి దిగితే అక్కడే పడుకుని, తెల్లవారాక ఎండ ముదరకముందే కొండ ఎక్కడం మంచిది.

గది

డబ్బు కట్టేముందు ఫోనులో ఇవి అడగండి. పైకప్పు రేకులా, స్లాబా? గదికి పడమటి ఎండ తగులుతుందా? కరెంటు పోతే ఫ్యాను తిరుగుతుందా? మెట్లు ఎక్కాలా? కిటికీలకు దోమల జాలీ ఉందా? దగ్గరలోని ఆసుపత్రి ఎంత దూరం? ఫోటోలో గది అందంగానే ఉంటుంది, రేకుల వేడి మాత్రం ఫోటోలో కనబడదు.

దినచర్య

ఉదయం 6 నుంచి 10 వరకు నర్మదా కుండం, కలచురి కాలపు గుళ్ళు, కపిలధార. 11 నుంచి 4 వరకు భోజనం, నిద్ర, క్యారమ్స్, కథల పుస్తకాలు. 4 తర్వాత సోన్‌ముడా. రోజుకు రెండు చోట్లు చాలు. రాత్రి బయటికి వెళ్తే టార్చి, కాళ్ళకు బూట్లు ఉండాలి. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి. నేలమీద పడుకోవద్దు, దోమతెర మరవద్దు. కోతులుంటాయి కాబట్టి తినే వస్తువులు చేతిలో పట్టుకుని తిరగకూడదు.

సంచిలో

మందులు నాలుగు రోజులకు బదులు వారానికి సరిపడా పెట్టుకోండి. కొన్ని బీపీ మాత్రల వల్ల ఒంట్లో నీరు ఎక్కువగా పోతుంది. ఎంత నీరు తాగాలో, ఉప్పు కలిసిన ఓఆర్ఎస్ తాగవచ్చో లేదో డాక్టరును ముందే అడగాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచాయే, తలగొట్టి కొలవాలి.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి విసరాలి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

బ్యాంకు కుటుంబానికి చెప్పాలా అనిపించినా ఒక మాట: సిగ్నల్ లేనిచోట ఫోనుతో చెల్లింపు జరగదు. చిన్న నోట్లు ఉంచుకోండి.

ఇదంతా ఒక కాగితంమీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. మీరు ఏ ఊరు అనుకున్నా, ముందు మీ ఇంట్లో ఎండకు తట్టుకోలేనివారి పేరు రాయండి. పక్కన 11 నుంచి 4 వరకు వారు ఉండే చోటు రాయండి. ఆ గడి నిండాకే టిక్కెట్లు కొనండి.