పేరు మారితే అలర్ట్‌నూ మార్చాలి: సేవ్ చేసిన సెర్చ్‌ను సరిదిద్దుకోవడం ఎలా?

పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు 13న ప్రకటించింది. అంతకు ముందు 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా మారాయి. అండమాన్ మీద వచ్చే పరిశోధనల కోసం మీరు ఏనాడో ఒక డేటాబేస్‌లో ‘పోర్ట్ బ్లెయిర్’ అని అలర్ట్ పెట్టుకుని ఉంటే, దానికి ఈ సంగతి తెలియదు. కొత్త పేరు మాత్రమే వాడిన పరిశోధనపత్రం వస్తే అది మీకు చెప్పకపోవచ్చు. మెయిల్ రాలేదు కాబట్టి కొత్త పరిశోధన ఏదీ లేదని మనం అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

అలర్ట్ ఎలా పనిచేస్తుంది?

మీరు వెతికిన పదాలను డేటాబేస్ దాచుకుంటుంది. రోజుకో, వారానికో, నెలకో ఒకసారి ఆ పదాలతోనే మళ్లీ వెతికి, గతసారి తర్వాత కొత్తగా చేరిన వాటిని మెయిల్ చేస్తుంది. మీ ఆసక్తి ఏమిటో దానికి తెలియదు, మీరిచ్చిన పదాలే తెలుసు. అందుకే పదాలు పాతబడితే అలర్ట్ కూడా పాతబడుతుంది.

ఒక జ్వరం, రెండు పేర్లు

ఊళ్ల పేర్లే కాదు, జబ్బుల పేర్లూ మారతాయి. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ ప్రాంతంలో ఒక జ్వరం కనిపించసాగింది. కొందరికి రక్తస్రావం కూడా అయ్యేది. కారణం తెలియక దాన్ని ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అన్నారు. 1993లో అది మళ్లీ విజృంభించినప్పుడు చేసిన పరిశోధనలో అసలు కారణం లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా అని తేలింది. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీరు, బురద ద్వారా ఇది మనుషులకు సోకుతుంది. మన పత్రికలు ‘ఎలుక జ్వరం’ అని రాసేది దీని గురించే. అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్ ఉందని టేలర్, గోయల్ అనే పరిశోధకులు 1931లోనే నివేదించారు.

ఇప్పుడు ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అని మాత్రమే అలర్ట్ పెట్టుకుంటే, జబ్బు కారణం తేలిన తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం మన కంట పడదు. ‘లెప్టోస్పైరోసిస్’ అని మాత్రమే వెతికితే పాత పేరుతో నమోదైనవి తప్పిపోవచ్చు. రెండూ కావాలి.

సరిదిద్దే పద్ధతి

వైద్య, జీవశాస్త్ర పరిశోధనలకు ఉచితంగా దొరికే పబ్‌మెడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఖాతాలోకి లాగిన్ అయి, డ్యాష్‌బోర్డ్‌లో ‘సేవ్డ్ సెర్చెస్’ దగ్గరకు వెళ్లండి. ‘మేనేజ్ సేవ్డ్ సెర్చెస్’ నొక్కితే మీ అలర్ట్‌ల జాబితా వస్తుంది. ఒక్కోదాని పక్కన ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కితే దాని పేరు, సెర్చ్ పదాలు, మెయిల్ ఎన్నాళ్లకోసారి రావాలన్నది మార్చుకోవచ్చు. అలర్ట్‌ను తీసేసి మళ్లీ పెట్టుకోనక్కరలేదు.

పదాలు మార్చేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

1. పాత పేరు తీసేయకండి, కొత్తది చేర్చండి. ‘పోర్ట్ బ్లెయిర్’ ఆర్ ‘శ్రీ విజయపురం’ అన్నట్లు. కొత్త పేరును ఇంగ్లిష్‌లో కలిపి రాసేవారూ ఉంటారు, విడదీసి రాసేవారూ ఉంటారు, రెండూ ఇవ్వండి. ‘హెమరేజిక్’ స్పెల్లింగు కూడా బ్రిటిష్, అమెరికన్ పద్ధతుల్లో వేరు. డేటాబేస్‌లో వీటన్నిటినీ ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. ఆండ్, ఆర్, నాట్‌లను క్యాపిటల్ అక్షరాల్లో ఇవ్వాలి.

2. ఒకే అర్థం ఉన్న పదాలను ఒక బ్రాకెట్‌లో పెట్టండి. జబ్బు పేర్లన్నీ ఒక బ్రాకెట్‌లో, ఊళ్ల పేర్లన్నీ మరో బ్రాకెట్‌లో ఉంచి, మధ్యలో ఆండ్ వేయండి. బ్రాకెట్లు లేకపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరుసగా లెక్కేసుకుంటుంది, ఫలితాలు తారుమారవుతాయి.

3. అనవసరమైనవి వస్తుంటే ఎక్కడ వెతకాలో చెప్పండి. ‘పోర్ట్ బ్లెయిర్’ అని ఊరికే ఇస్తే, రచయితల చిరునామాలో ఆ ఊరున్న పత్రాలు కూడా వస్తాయి. శీర్షికలో, సారాంశంలో మాత్రమే వెతకమని పరిమితి పెడితే ఆ రద్దీ తగ్గుతుంది.

4. నాట్‌ను జాగ్రత్తగా వాడండి. అండమాన్ సముద్రం థాయిలాండ్ తీరం దాకా ఉంది కాబట్టి అక్కడి పరిశోధనలూ వస్తుంటాయి. వాటిని ఆపాలని ‘నాట్ థాయిలాండ్’ అని పెడితే, రెండు తీరాలనూ పోల్చి రాసిన పత్రం కూడా పోతుంది. మీకు బహుశా అదే ముఖ్యమైనది కావచ్చు.

సేవ్ చేసే ముందు కొత్త పదాలతో ఒకసారి మామూలుగా వెతికి చూడండి. మీకు ముందే తెలిసిన రెండు మూడు పత్రాలు అందులో కనిపించాలి. కనిపించకపోతే పదాల్లో ఇంకా లోపం ఉందన్నమాట.

చాలామంది మరిచిపోయే మెట్టు

అలర్ట్ మార్చాక కూడా, మధ్యలో తప్పిపోయిన పత్రాలు మెయిల్‌లో రావు. అది ఇకపై చేరేవాటినే పంపుతుంది. అందుకే సరిదిద్దిన వెంటనే అవే పదాలతో ఒకసారి స్వయంగా వెతకాలి. పేరు మారిన నాటి నుంచి నేటి వరకు తేదీల పరిమితి పెట్టుకుంటే, ఆ ఖాళీలో ఏం పోయిందో తెలుస్తుంది. ఊరి పేరు విషయంలో 2024 సెప్టెంబరు నుంచి చూస్తే సరిపోతుంది.

పబ్‌మెడ్‌లో మరో సదుపాయం ఉంది. కొత్త ఫలితాలు లేకపోయినా మెయిల్ పంపమని కోరవచ్చు. అప్పుడు ఖాళీ మెయిల్ వస్తే ‘వెతికాను, ఏమీ లేదు’ అని అర్థం. ఏ మెయిలూ రాకపోతే అలర్టే ఆగిపోయిందేమో చూసుకోవాలి.

అయితే ఖాళీ మెయిల్ వచ్చినా అలర్ట్‌కు తెలిసేది మనమిచ్చిన పదాలే. ఆరు నెలలకోసారి మీ రంగంలో కొత్తగా వచ్చిన ఒకటి రెండు పత్రాలు తెరిచి, వాటిలో ఏ పదాలు వాడుతున్నారో చూడండి. అవి మీ అలర్ట్‌లో లేకపోతే ఆ రోజే చేర్చండి. వర్షాలు మొదలయ్యాక డిగ్లిపూర్‌లో జ్వరాల మీద పనిచేసే ఒక వైద్య విద్యార్థికి, అందాల్సిన పత్రం అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా ఆ ఒక్క పదమే కావచ్చు.